ఇంకొకడు దొరుకుతాడులే!

"రన్నింగ్ బ్యాక్‌కి అంత డబ్బా? వాడు కాకపోతే ఇంకొకడు దొరుకుతాడులే!"

అమెరికన్ ఫుట్‌బాల్ చూసేవాళ్ళ మధ్య ఓ పది నిమిషాలు కూర్చోండి, ఈ మాట చెవిన పడకుండా లేవలేరు. మా ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గరైతే ఇది వేదవాక్కు. న్యూజెర్సీలో ఉంటూ, న్యూయార్క్ జెయింట్స్ జట్టుని నెత్తికెత్తుకున్న పాపానికి నేనీ మాట 2023 వేసవి నుంచీ వింటూనే ఉన్నాను. (పేరుకి న్యూయార్క్ గానీ ఆ జట్టు ఆడేది మా న్యూజెర్సీలోనే, ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో.) 2024లో వాళ్ళు సాక్వాన్ బార్క్లీని వదిలేశారు. అతను పక్క ఊరికెళ్ళి రెండు వేల గజాలు పరిగెత్తి, సూపర్ బౌల్ గెలిచాడు. ఆ రోజు నుంచీ మా టేబుల్ రెండు ముఠాలుగా చీలిపోయింది.

మొదటి ముఠా లెక్కల మేధావులది. "వదిలెయ్యడం కరెక్టే. రన్నింగ్ బ్యాక్ అనేవాడు రీప్లేసబుల్. డేటా చూడు." రెండోది అభిమానుల ముఠా. "బంగారంలాంటి వాణ్ణి వదిలేశారు, బుద్ధిలేని మేనేజ్‌మెంట్."

నా మటుకు నాకు రెండు ముఠాలదీ తప్పే అనిపిస్తుంది. 2024లో జెయింట్స్ అతన్ని వదలడం తప్పు కాదు. తప్పంతా అంతకుముందు ఆరేళ్ళలో జరిగింది. ముఖ్యంగా 2023లో, ఉంచుకోనూ ఉంచుకోక, పంపనూ పంపక, ట్యాగ్ వేసి కట్టేసినప్పుడు జరిగింది. అయితే ఆ తప్పుని కప్పిపుచ్చుకోడానికి ఇప్పటికీ వాడుతున్న మాట ఈ "ఇంకొకడు దొరుకుతాడులే". నా గొడవంతా ఆ మాటతోనే.

ముందు ఆట తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. (తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయండి.) నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి. వెళ్తే మళ్ళీ నాలుగు ప్రయత్నాలిస్తారు. బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. అతను విసరకుండా చేతికిస్తే, పట్టుకుని పరిగెత్తేవాడు రన్నింగ్ బ్యాక్. మన కబడ్డీలో కూతకెళ్ళేవాడిలాంటి వాడనుకోండి. కాకపోతే కూతకెళ్ళేవాడు ఒంటరి, ఇతనికి ముందు ఒక్కొక్కడూ నూట ముప్పై, నూట నలభై కిలోలుండే అయిదుగురు ఉంటారు. వాళ్ళని అఫెన్సివ్ లైన్ అంటారు. వాళ్ళు ఎదుటివాళ్ళని పక్కకి నెట్టి దారి చెయ్యాలి. దారి ఉంటే ఇతను పరిగెడతాడు, లేకపోతే నలుగురి కింద పడి నలుగుతాడు. ఒక్కో మ్యాచ్‌లో పదిహేను, ఇరవై సార్లు ఇదే పని. అందుకే ఈ స్థానంలో ఆడేవాళ్ళలో చాలామందికి ముప్పై వచ్చేసరికే ఒళ్ళు హూనమైపోతుంది.

సరే, కథలోకొద్దాం.

2018 డ్రాఫ్ట్‌లో జెయింట్స్ సాక్వాన్‌ని రెండో పిక్‌లో తీసుకున్నారు. కాలేజీల నుంచి వచ్చే కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి అది. అంటే దేశం మొత్తం మీద ఒక్కణ్ణి వదిలేసి మిగతా అందరిలోకీ ఇతన్నే కోరుకున్నారన్నమాట. కుర్రాడేం నిరాశపరచలేదు. మొదటి ఏడాదే 1307 గజాలు పరిగెత్తాడు, పట్టుకున్న పాసులతో కలిపితే 2028. ఆ ఏడాది కొత్తవాళ్ళలో మేటి అఫెన్స్ ఆటగాడని అవార్డూ ఇచ్చారు. మరి జట్టు? 16 మ్యాచుల్లో 5 గెలిచింది. తర్వాతి ఏడాది 4. 2020లో రెండో మ్యాచ్‌లోనే అతని మోకాలి లిగమెంట్ తెగింది. 2021లో తిరిగొచ్చి కుంటుతూ 593 గజాలు. 2022లో మళ్ళీ లేచాడు, 1312 గజాలు. జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది, మిన్నెసోటాని వాళ్ళ ఊళ్ళోనే ఓడించింది.

2022 సీజన్ మధ్యలో ఒప్పందం గురించి మాటలు జరిగాయి. ఏడాదికి 12 మిలియన్లకి పైగా ఇస్తామన్నారని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. బేరం తెగలేదు. 2023 మార్చిలో జెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్‌కి నాలుగేళ్ళకి 160 మిలియన్లు రాసిచ్చారు. సాక్వాన్‌కి మాత్రం ఫ్రాంచైజ్ ట్యాగ్ వేశారు, ఒక్క ఏడాదికి, 10.09 మిలియన్లు. జులై 17 గడువు దాటిపోయింది, దీర్ఘకాల ఒప్పందం కుదరలేదు. చివరికి ట్యాగ్ మీద ఓ మిలియన్ లోపు ఇన్సెంటివ్‌లు కలిపి సర్ది చెప్పారు. 2023లో అతను 962 గజాలు, సగటు 3.9. జట్టు 6 గెలిచి 11 ఓడింది. 2024 మార్చిలో ట్యాగ్ వెయ్యకుండా వదిలేశారు. ఫిలడెల్ఫియా ఈగిల్స్ మూడేళ్ళకి 37.75 మిలియన్లిచ్చి, అందులో 26 గ్యారంటీ చేసి, ఎగరేసుకుపోయారు.

తర్వాతేం జరిగిందో తెలిసిందే. 345 సార్లు పరిగెత్తి 2005 గజాలు, సగటు 5.8. ప్లేఆఫ్స్‌తో కలిపి 2504, లీగ్ చరిత్రలో అంతవరకూ ఎవరూ చెయ్యలేదు. 2024 అక్టోబర్ 20న పాత ఇంటికే వచ్చి 17 సార్లలో 176 గజాలు పరిగెత్తాడు. ఈగిల్స్ 28, జెయింట్స్ 3. ఎడిసన్‌లో మా ఫ్రెండ్ ఇంట్లో పది మందిమి కూర్చుని చూస్తున్నాం. మూడో క్వార్టర్ అయ్యేసరికి టీవీ ముందు నేనూ, పెసరట్ల ప్లేటూ మిగిలాం. :-)

ఇక వాదనకొస్తాను. లెక్కల ముఠాకి అన్యాయం చెయ్యను, వాళ్ళ దగ్గర సరుకుంది. నిజానికి వాళ్ళ తరఫున వాళ్ళకంటే బాగా నేనే వాదిస్తాను.

డెన్వర్ బ్రాంకోస్‌ని చూడండి. 1998లో టెరెల్ డేవిస్ 2008 గజాలు పరిగెత్తాడు. మరుసటి ఏడు మోకాలు పోయింది. అతని బదులు వచ్చిన ఓలాండిస్ గ్యారీ అనే కొత్త కుర్రాడు 1159. 2000లో మైక్ ఆండర్సన్ అనే ఇంకో కుర్రాడు, ఆరో రౌండ్‌లో దొరికినవాడు, 1487. 2002లో క్లింటన్ పోర్టిస్ 1508. మనుషులు మారారు, గజాలు మారలేదు. కారణం కోచ్ మైక్ షనహాన్, లైన్ కోచ్ అలెక్స్ గిబ్స్ కలిసి నడిపిన జోన్ బ్లాకింగ్ పద్ధతి. అయిదుగురూ ఒకే వైపు కదులుతారు, పరిగెత్తేవాడు ఎక్కడ సందు పడితే అక్కడ ఒక్కసారి మలుపు తీసుకుని దూరిపోతాడు. పద్ధతి గట్టిదైతే ఎవర్ని పెట్టినా నడుస్తుందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

ఇక డబ్బిచ్చి చేతులు కాల్చుకున్నవాళ్ళ జాబితా. సియాటిల్ సీహాక్స్ షాన్ అలెగ్జాండర్ 2005లో 1880 గజాలు, లీగ్‌లోనే మేటి ఆటగాడు. 2006 మార్చిలో ఎనిమిదేళ్ళకి 62 మిలియన్ల ఒప్పందం రాశారు. ఆ ఏడాదే పాదం ఎముక విరిగింది, 2008లో ఇంటికి పంపేశారు. ర్యామ్స్ టాడ్ గర్లీకి 2018లో 45 మిలియన్ల గ్యారంటీ ఇచ్చి 2020లో వదిలేశారు. కౌబాయ్స్ ఎజెకియెల్ ఎలియట్‌కి 2019లో ఆరేళ్ళకి 90 మిలియన్లు రాసి 2023లో వదిలేశారు. పిట్స్‌బర్గ్‌లో లెవియాన్ బెల్ ట్యాగ్ నచ్చక 2018 సీజన్ మొత్తం ఆడకుండా కూర్చున్నాడు, 14.5 మిలియన్లు వదులుకున్నాడు. అతని స్థానంలో జేమ్స్ కానర్ 13 మ్యాచుల్లో 973 గజాలు పరిగెత్తి ప్రో బౌల్‌కి వెళ్ళాడు.

ఇవన్నీ ఎందుకు, జెయింట్స్ సంగతే చూడండి. సాక్వాన్ పోయాక 2024లో వాళ్ళు అయిదో రౌండ్‌లో టైరోన్ ట్రేసీ అనే కుర్రాణ్ణి తెచ్చుకున్నారు. 839 గజాలు, సగటు 4.4. అదే జట్టులో అంతకుముందు ఏడాది సాక్వాన్ సగటు 3.9. చూశారా? దొరికాడు! నిజంగానే ఇంకొకడు దొరికాడు, అదీ కారుచౌకగా.

అందుకే అభిమానుల ముఠాకి చెప్పేదేంటంటే, 2024లో సాక్వాన్ ఉన్నా మీ జెయింట్స్ ఉద్ధరించేది ఏమీ లేదు. 3 గెలిచి 14 ఓడారు. అతనుంటే ఇంకో రెండు గెలిచేవారేమో. ఆ రెండు గెలుపులకి అతని 27వ ఏట మోకాళ్ళు అరగదియ్యడం ఎవరికి లాభం? అతనికీ కాదు, జట్టుకీ కాదు. ఫిలడెల్ఫియాలో చూసిన 2005 గజాలు న్యూజెర్సీలో ఎన్నడూ కనపడేవి కావు.

మరింకేం, లెక్కల ముఠాదే గెలుపు కదా? ఆగండి.

ఈగిల్స్ ఏం చేశారో చూడండి. 2022లో వాళ్ళ రన్నింగ్ బ్యాక్ మైల్స్ శాండర్స్, 1269 గజాలు, సగటు 4.9. అతన్ని వదిలేశారు. 2023లో డిఆండ్రే స్విఫ్ట్‌ని తెచ్చారు, 1049 గజాలు, సగటు 4.6. అతన్నీ వదిలేశారు. అంటే "ఇంకొకడు దొరుకుతాడు" సిద్ధాంతాన్ని లీగ్‌లో అందరికంటే శ్రద్ధగా పాటించిన జట్టు అది. పైగా 2015లో డిమార్కో ముర్రే అనే ఇంకో పేరున్న రన్నింగ్ బ్యాక్‌కి డబ్బు పోసి, 702 గజాలతో మొహం వాచిన అనుభవమూ వాళ్ళకుంది. అలాంటి జట్టు 2024లో సాక్వాన్‌కి డబ్బెందుకిచ్చింది?

ఎందుకంటే వాళ్ళ దగ్గర మిగతావన్నీ ఉన్నాయి. జోర్డన్ మైలాటా, లాండన్ డికర్సన్, లేన్ జాన్సన్ లాంటి కొండలున్న లైన్. సర్దుకుపోయిన క్వార్టర్‌బ్యాక్. పాసులు పట్టడానికి ఇద్దరు మేటిగాళ్ళు. మామూలు రన్నింగ్ బ్యాక్‌ని పెడితే ఆ దారిలో ఎనిమిది గజాలు వెళ్ళి పడతాడు. సాక్వాన్ అదే దారిలో అరవై గజాలు వెళ్తాడు. 4.9 నుంచి 4.6 అంటే మనిషి మారినా ఒకటే అని అర్థం. 4.6 నుంచి 5.8 అంటే మనిషి మారితే ఒకటి కాదని అర్థం. రెండూ ఒకే జట్టులో, వరసగా మూడేళ్ళలో జరిగాయి. లెక్కల ముఠా మొదటి సగం చదివి పుస్తకం మూసేసింది.

ఆ తేడాకి ఈగిల్స్ ఎంత పెట్టారు? ఏడాదికి సగటున 12.6 మిలియన్లు. 2024లో ఒక్కో జట్టు జీతాల పరిమితి 255.4 మిలియన్లు. అంటే నూటికి అయిదు రూపాయలు కూడా కాదు. ఇంటికి పునాదీ, గోడలూ, కప్పూ అన్నీ అయ్యాక గుమ్మానికి మంచి టేకు తలుపు పెట్టించుకున్నట్టు.

మరి జెయింట్స్? ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. గోడల్లేని ఇంటికి 2018లోనే టేకు తలుపు కొన్నారు. ఆరేళ్ళు వానలో నిలబెట్టారు. 2023లో ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్‌లు 85 సార్లు బంతితో సహా కింద పడ్డారు, లీగ్ చరిత్రలో ఒక సీజన్‌కి రెండో అతి పెద్ద సంఖ్య. అలాంటి లైన్ వెనక ఎవడు పరిగెడితే మాత్రం ఏం? తలుపు చెదలు పట్టాక, "తలుపులదేముంది, ఎక్కడైనా దొరుకుతాయి" అన్నారు. దొరుకుతాయి నిజమే. ముందు గోడ కట్టమని కదా అసలు సంగతి!

2024 వేసవిలో హెచ్.బి.ఒ.లో జెయింట్స్ ఆఫీసు లోపలి సంభాషణలు చూపించిన హార్డ్ నాక్స్ చూశారా? నేను రెండుసార్లు చూశాను, కడుపుమంట కోసం. జనరల్ మేనేజర్ జో షోన్ చెప్పే తర్కం ఏంటంటే, క్వార్టర్‌బ్యాక్‌కి 40 మిలియన్లిస్తున్నది అతను 12 మిలియన్ల రన్నింగ్ బ్యాక్ చేతికి బంతి అందించడం కోసం కాదట. వినడానికి ఎంత బాగుందో! కానీ ఆ 40 మిలియన్లు ఎవరి సలహా? 2022లో ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్ళిన పరుగు వల్ల ఎవరి విలువ పెరిగింది, ఆ పెరిగిన విలువ ఎవరి చెక్కులో పడింది? ఆ 40 మిలియన్ల క్వార్టర్‌బ్యాక్‌ని 2024 నవంబర్‌లో సీజన్ మధ్యలోనే వదిలేశారు. యజమానుల్లో ఒకరైన జాన్ మారా మాత్రం, సాక్వాన్ ఫిలడెల్ఫియాకి పోతే తనకి నిద్ర పట్టడం కష్టమని అదే కార్యక్రమంలో అన్నాడు. పాపం, లెక్కలు రాని మనిషి, అసలు సంగతి ఆయనకే అర్థమైనట్టుంది.

ఇప్పుడు ట్యాగ్ సంగతి. నాకు కోపం తెప్పించేది ఇదే.

1993 నుంచీ ఉన్న ఏర్పాటిది. ఒప్పందం ముగిసిన ఆటగాళ్ళలో ఏడాదికొకణ్ణి జట్టు ట్యాగ్ చెయ్యొచ్చు. ఆ స్థానంలో అత్యధిక జీతాలున్న అయిదుగురి సగటుకి కాస్త అటూ ఇటూగా ఒక ఏడాది జీతం ఇస్తారు. వేరే జట్టు తీసుకెళ్ళాలంటే రెండు మొదటి రౌండ్ పిక్‌లు పరిహారంగా ఇవ్వాలి, కాబట్టి ఆచరణలో ఎవరూ రారు. అంతకుముందు సంగతి చూస్తే, 2011 ఒప్పందం నుంచీ కొత్తవాళ్ళ జీతాలకి ఒక పట్టిక ఉంది. నాలుగేళ్ళు. మొదటి రౌండ్‌వాళ్ళకైతే అయిదో ఏడు జట్టు ఇష్టం. మూడు సీజన్లు ఆడేదాకా జీతం గురించి నోరెత్తడానికి లేదు.

కూడండి. ఇరవై ఒకటో ఏట వస్తాడు. అయిదేళ్ళు పట్టిక. ఆరో ఏడు ట్యాగ్. కావాలంటే ఏడో ఏడూ ట్యాగ్. బయటికొచ్చేసరికి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. అప్పుడు మార్కెట్ ఏమంటుంది? "ఈ వయసులో రన్నింగ్ బ్యాక్‌కి డబ్బెవడిస్తాడు?" క్వార్టర్‌బ్యాక్‌కైతే ఫరవాలేదు, ముప్పై అయిదేళ్ళకీ ఆడతాడు. పరిగెత్తేవాడికి మంచి వయసు ఎప్పుడో, అతనికి బేరమాడే హక్కు లేని వయసూ సరిగ్గా అప్పుడే. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టే ఇది. ఇక ట్యాగ్ మొత్తం ఆ స్థానం జీతాల మీద లెక్క కడతారు కాబట్టి, ట్యాగులతో జీతాలు తొక్కిపెడితే తర్వాతి ట్యాగులూ తగ్గే ఉంటాయి. 2023లో సాక్వాన్‌తో పాటు రెయిడర్స్ జాష్ జేకబ్స్‌నీ, కౌబాయ్స్ టోనీ పొలార్డ్‌నీ ఇలాగే కట్టేశారు. జేకబ్స్ అంతకుముందు ఏడాది లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ పరిగెత్తినవాడు, 1653 గజాలు! ఆ జులైలో రన్నింగ్ బ్యాక్‌లందరూ జూమ్ కాల్ పెట్టుకుని గోడు వెళ్ళబోసుకున్నారు. మీటింగ్ పెట్టారు, యాక్షన్ ఐటమ్స్ ఏం తేలలేదు. మన స్టేటస్ కాల్స్ లాగే. :-)

"ఏడాదికి పది మిలియన్లు తీసుకునేవాడి కోసం నీ ఏడుపేంటి బావా?" అని అడిగాడు మా లంచ్ టేబుల్ మేధావి. నిజమే, సాక్వాన్ పేదవాడేం కాదు, మొదటి ఒప్పందంలోనే 31 మిలియన్లు వచ్చాయి. నేనతని మీద జాలి పడట్లేదు. ఎంతిచ్చారన్నది నా ప్రశ్న కాదు. "నీ విలువ ఇంతే" అంటూనే "నువ్వు వేరేచోట విలువ కట్టించుకోడానికి వీల్లేదు" అనడం ఏం న్యాయమని అడుగుతున్నాను. నిజంగా రీప్లేసబుల్ అయితే రీప్లేస్ చెయ్యండి! ఇంకొకడు దొరుకుతాడన్న నమ్మకం ఉన్నవాడు కట్టేసి ఉంచడు. కట్టేసి ఉంచాడంటే, దొరకడన్న భయం లోపల ఉందన్నమాట. ట్యాగ్ వేస్తూ రీప్లేసబుల్ అనడం అబద్ధం. లెక్కల ముఠా ఈ ఒక్కదానికి జవాబు చెప్పాలి.

ఈ కోపం ఎందుకొచ్చిందో కూడా చెప్పేస్తాను, దాచుకోవడం ఎందుకు.

చాలా ఏళ్ళ కిందట, హైదరాబాద్‌లో ఓ కంపెనీలో టీం లీడ్‌గా ఉన్న రోజుల్లో, మా టీంలో ఒకాయన ఉండేవారు. రాత్రిపూట నడిచే బ్యాచ్ జాబ్స్ అన్నీ ఆయనవే. తెల్లవారుజామున మూడింటికి ఫోన్ చేసినా "ఆఁ, చెప్పండి" అని లేచేవారు. రెండు అప్రైజల్స్‌లో ఆయన ప్రమోషన్ అడిగారు. రెండుసార్లూ "వచ్చే సైకిల్‌లో తప్పకుండా" అని చెప్పింది నేనే. చెప్పించింది పైవాళ్ళు, చెప్పిన నోరు మాత్రం నాది. వేరే ప్రాజెక్టుకి మారతానంటే, "మీరు లేకపోతే కష్టం" అని రిలీజ్ చెయ్యలేదు. అదే సమయంలో ఒక ఎక్సెల్ షీట్‌లో టీం అందరి పేర్ల పక్కన ఒక గడి నింపమన్నారు. ఆయన పేరు పక్కన "రీప్లేసబుల్" అని టైపు చేసిన వేళ్ళూ నావే.

ఆయన మానేశారు. మీరనుకునే ముగింపు ఏం జరగలేదు. సిస్టమ్ కూలిపోలేదు. నెలన్నరలో ఇంకో కుర్రాడు నేర్చేసుకున్నాడు. బ్యాచ్ జాబ్స్ హాయిగా నడిచాయి. నా ఎక్సెల్ షీట్ కరెక్టే! అదే నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి. నెలన్నరలో ఇంకొకరు దొరికే పనికి ఆయన్ని రెండేళ్ళు ఎందుకు కట్టేశాను? మొదటిసారి అడిగినప్పుడే పంపించి ఉంటే, ఆయన రెండేళ్ళు ఆయనకి మిగిలేవి కదా. జీతం కంపెనీది, లెక్క పైవాళ్ళది. ఆ రెండేళ్ళు మాత్రం నా ఖాతాలో ఉన్నాయి.

కాబట్టి బాబూ, రన్నింగ్ బ్యాక్‌ని ఉంచుకోవాలా, మార్చాలా అంటే నా జవాబు ఇది. ముందు లైన్ చూసుకోండి. అది లేకపోతే ఉంచుకోవద్దు, డ్రాఫ్ట్‌లో రెండో పిక్ తగలెయ్యొద్దు, అయిదో రౌండ్‌లో ఒకణ్ణి తెచ్చుకుని ఉన్న డబ్బు గోడలకి పెట్టండి. దొరికిన మేటివాణ్ణి గిరాకీ ఉన్నప్పుడే, ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే, దారి ఉన్న జట్టుకి ఇచ్చేసి బదులు పిక్‌లు తీసుకోండి. లైన్ ఉంటే మాత్రం రెండు మూడేళ్ళకి మంచి డబ్బిచ్చి పెట్టుకోండి, ఎనిమిదేళ్ళకి కాదు. బాల్టిమోర్ రేవన్స్ అదే చేశారు. టెనెసీ టైటన్స్ వదిలేసిన డెరిక్ హెన్రీని 2024లో రెండేళ్ళకి తెచ్చుకుంటే ముప్పై ఏళ్ళ వయసులో 1921 గజాలు పరిగెత్తాడు. వదిలేసిన టైటన్స్ కూడా ఆ ఏడాది 3 గెలిచి 14 ఓడారు, అచ్చం జెయింట్స్ లాగే. హెన్రీ లేకపోవడం వల్ల కాదు, వాళ్ళకీ గోడల్లేకపోవడం వల్ల.

"మరి 2025 సంగతో?" అంటారు, తెలుసు. ఈగిల్స్ 2025 మార్చిలో సాక్వాన్‌కి ఇంకో రెండేళ్ళు పొడిగించి 41.2 మిలియన్లు రాశారు. ఏడాదికి 20 మిలియన్లు దాటిన మొదటి రన్నింగ్ బ్యాక్ అతనే. ఆ సీజన్‌లో 1140 గజాలకి పడిపోయాడు, సగటు 4.1. లెక్కల ముఠా ఆ రోజుల్లో నాకు పంపిన మెసేజ్‌లు ఇక్కడ పెట్టడం బాగోదు. నేనూ ఒప్పుకుంటాను, ఆ రెండో ఒప్పందం తొందరపాటే. కానీ ఒక్కసారి చూడండి, ఆ ఏడాది ఆ లైన్ కూడా గాయాలతో చితికిపోయింది, లేన్ జాన్సన్ సీజన్ చివర్లో ఆడనేలేదు. గోడ కూలితే తలుపు ఏం నిలబడుతుంది? జెయింట్స్‌లో 3.9, మంచి లైన్ వెనక 5.8, లైన్ దెబ్బతిన్నాక 4.1. మనిషి ఒక్కడే. నేను మొదటి నుంచీ చెప్తున్నది కూడా అదే కదా!

పైగా ఈగిల్స్ ఇచ్చినది తప్పైనా, బహిరంగంగా, ఇష్టపడి, ఒప్పందం మీద సంతకం పెట్టి చేసిన తప్పు. నష్టపోతే డబ్బు నష్టపోతారు. జెయింట్స్ చేసిన తప్పులో నష్టపోయింది ఎదుటివాడి వయసు. ఆ రెండిటినీ ఒకే గడిలో వేసే స్ప్రెడ్‌షీట్ నాకొద్దు.

ఇది చదివేవాళ్ళలో మేనేజర్లున్నారు, లీడ్‌లున్నారు, అప్రైజల్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళూ ఉన్నారు. రేపెప్పుడైనా మీ నోట "ఇంకొకడు దొరుకుతాడులే" అన్న మాట వస్తే, రానివ్వండి, అందులో తప్పులేదు. చాలాసార్లు అది నిజమే. కానీ అన్న రోజే అతన్ని వెళ్ళనివ్వండి. వెళ్ళనివ్వడానికి చెయ్యి రాకపోతే, ఆ మాట వెనక్కి తీసుకుని, అడిగింది ఇవ్వండి. రెండూ చెయ్యకుండా కూర్చోవడం మాత్రం వద్దు.

ఏమంటారు?

తా.క.: 2025 జనవరి 5న సీజన్ ఆఖరి మ్యాచ్. ఎరిక్ డికర్సన్ 1984లో పెట్టిన 2105 గజాల రికార్డు దాటడానికి సాక్వాన్‌కి 101 గజాలు చాలు. ఎదురుగా ఉన్నది ఎవరనుకున్నారు? జెయింట్సే! ఈగిల్స్ అతన్ని ఆడించలేదు, ప్లేఆఫ్స్ కోసం ఆ మోకాళ్ళకి విశ్రాంతి ఇచ్చారు. తీరని కోరిక కదా అని ఆ రోజు నేను తెగ బాధపడ్డాను. నెల తర్వాత, ఫిబ్రవరి 9న, సరిగ్గా తన 28వ పుట్టినరోజున, సూపర్ బౌల్ గెలిచాడు. ఆ మ్యాచ్‌లో అతను పరిగెత్తింది 57 గజాలే. ఆ రాత్రి అతనికి అది సరిపోయింది.